ఏహైమ్ క్లాసిక్ 250: లీటర్లు చూసి కాదు, మూత విప్పి చూసి కొన్న ఫిల్టరు

చేపల ట్యాంకుకి క్యానిస్టర్ ఫిల్టరు, అంటే ట్యాంకు బయట పెట్టే మూత డబ్బా ఫిల్టరు, కొనబోయేవాళ్లు ముందు అట్టపెట్టె మీద గంటకెన్ని లీటర్లని రాశారో చూస్తారు. నేను మూత విప్పించి చూస్తాను. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో నా సర్వీసంతా పంపుల మెయింటెనెన్సులోనే గడిచింది. కొత్తలో తోడని పంపంటూ ఉండదు. నాలుగేళ్ల తర్వాత కూడా అలాగే తోడాలంటే దాన్ని విసుగు లేకుండా విప్పగలగాలి, లోపలంతా కడగగలగాలి, చుక్క కారకుండా మళ్లీ బిగించగలగాలి. ఏహైమ్ క్లాసిక్ 250 గురించి నేను చెప్పేదంతా ఈ లెక్కలోనే.

మోడల్ నంబరు 2213. జర్మనీ కంపెనీ. ఈ క్లాసిక్ వరస రూపం దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. ఒక గుండ్రటి డబ్బా, పైన మోటారు హెడ్డు, చుట్టూ క్లిప్పులు, ఆకుపచ్చ పైపులు. డిస్‌ప్లే లేదు, లైటు లేదు. గంటకు 440 లీటర్లు, 8 వాట్లు, 250 లీటర్ల దాకా ట్యాంకులకు సరిపోతుందని కంపెనీ లెక్క. డబ్బా పట్టేది సుమారు 3 లీటర్లు.

మా ట్యాంకు మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచు దాకా నింపితే 180 లీటర్ల పైచిలుకు. ఇసుక, రాళ్లు, దుంగ పోగా నికరంగా 150 లీటర్ల నీళ్లుంటాయి. ఏంజెల్స్, రమ్మీనోస్ టెట్రాల గుంపు, అడుగున కోరీలు. దుంగకి కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు. ఇంతకి ఈ ఫిల్టరు హాయిగా సరిపోయింది.

కొనేటప్పుడు కొట్లో కుర్రాడు నా మనసు మార్చాలని గట్టిగానే చూశాడు.

"ఇదేటంకుల్, గంటకి నాలుగొందల నలభయ్యేనా! ఇందులో సగం డబ్బులెడితే వెయ్యి లీటర్లది వచ్చేస్తాది. యూవీ లైటు కూడా లోపలే ఉంటాది."

"దానికి మూతకేసే రబ్బరు ఓ-రింగు విడిగా ఉందా బాబూ నీ దగ్గర?"

"ఓ-రింగేటంకుల్? పాడైతే కొత్త ఫిల్టరు తీసుకోడమే."

బేరం అక్కడే తేలిపోయింది. ఇంతకుముందు మా ఇంట్లో ఉన్న క్యానిస్టరు సరిగ్గా అలాంటిదే, పైన పటారం లోన లొటారం. మూత క్లిప్పు చెవి ఒకటి విరిగి, రాత్రంతా చుక్కచుక్కగా కారి, స్టాండు ప్లైవుడ్డు ఉబ్బిపోయింది. ఆ క్లిప్పు ఊరంతా వెతికినా విడిగా దొరకలేదు. క్లాసిక్‌కి మూత ఓ-రింగు, క్లిప్పులు, ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం), సిరామిక్ షాఫ్టు, దాని రెండు కొసలకు తొడిగే రబ్బరు బుష్షులు అన్నీ దేనికది స్పేరుగా అమ్ముతారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి వచ్చినా, దొరకడమంటూ ఉంది. ధర గట్టిదే, కాదనను. స్పేర్లు దొరికే పంపుకి పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.

ఒక్కటి చూసుకోండి. ఇది ఉత్త ఫిల్టరుగానూ వస్తుంది, మీడియాతో (లోపల నీళ్లను వడకట్టే సరుకు), డబుల్ టాపులతో (మధ్యలో విడదీయగల జంట కుళాయిలు) కలిపిన ప్యాకుగానూ వస్తుంది. టాపులు లేకుండా మాత్రం కొనొద్దు. ఎందుకంటే దీనికి నీళ్లు వచ్చే దారి డబ్బా అడుగున ఉంటుంది, పోయే దారి పైన హెడ్డు దగ్గర. నీళ్లు కింది నుంచి మీడియాలోంచి పైకెక్కి పంపు దాకా వస్తాయి. అంటే టాపు లేని కింది పైపు ఊడదీశారంటే డబ్బాలో ఉన్నదంతా నేల మీదే. డబుల్ టాపు ఉంటే రెండు ముక్కలూ ఎక్కడికక్కడ మూసి, మధ్యలో నట్టు విప్పి, డబ్బా ఒక్కటే బాత్రూముకి మోసుకుపోవచ్చు. పైపుల్లో నీళ్లు పైపుల్లోనే నిలిచి ఉంటాయి కాబట్టి మళ్లీ తగిలించగానే ప్రైమింగ్ బాధ, అంటే పంపులోకి మళ్లీ నీళ్లు ఎక్కించే బాధ కూడా ఉండదు.

ఇక సర్వీసింగ్. ముందు ప్లగ్గు తీసేయాలి. తర్వాతే టాపులు. పంపు తిరుగుతుండగా టాపులు మూస్తే నీళ్లు కదలక ఇంపెల్లర్ దగ్గర వేడెక్కిపోతుంది. డబ్బాని బాత్రూముకి తెచ్చాక హెడ్డు తీసి, కింది టాపు మూతిని ఖాళీ బకెట్లోకి పెట్టి తెరుస్తాను. డబ్బా వంచే పని లేకుండా నీళ్లు వాటంతటవే దిగిపోతాయి. అప్పుడే వాసన చూడాలి. బాగున్న ఫిల్టరు విప్పితే తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తుంది. కుళ్లిన గుడ్డు కంపు కొట్టిందంటే లోపల ఎక్కడో నీళ్లు కదలకుండా నిలిచిపోయాయని అర్థం. ఆ రోజు పై పైన కడిగి ఊరుకోకూడదు, అడుగు దాకా తీయాలి.

మీడియా వరస ఇదీ: అడుగున సిరామిక్ రింగులు, వాటి మీద నీలం రంగు గరుకు ప్యాడు, ఆపైన బ్యాక్టీరియా కాపురముండే సబ్‌స్ట్రాట్ గుళ్లు, అన్నిటికంటే పైన తెల్లటి మెత్తటి ప్యాడు. క్లాసిక్‌లో బుట్టలుండవు, ఒకదాని మీద ఒకటి పేర్చడమే. ఇందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. బుట్ట పక్క సందుల్లోంచి నీళ్లు తప్పించుకుపోయే వీలు లేదు, ప్రతి చుక్కా మీడియాలోంచే పోవాలి. అయితే అడుగు రింగులు కడగాలంటే పైవన్నీ తీయాల్సిందే. దానికి నేను చేసిన ఏర్పాటు సులువైనదే. రింగులకొకటి, గుళ్లకొకటి నైలాన్ వల సంచులు. సంచి మెడ పట్టుకుని ఎత్తితే మొత్తం ఒక్కసారే పైకొస్తుంది.

కడిగే నీళ్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కుళాయి కింద పెట్టి మీడియా కడిగేవాళ్లను చాలామందిని చూశాను. తాటిపూడి, రైవాడ రిజర్వాయర్ల నుంచి వచ్చే నీళ్లను విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) వాళ్లు క్లోరిన్ కలిపే ఇస్తారు. మనం తాగడానికి అది ఉండాల్సిందే. ఫిల్టరులో బ్యాక్టీరియాకి మాత్రం విషం. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే అమోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చేది ఆ బ్యాక్టీరియాయే. అది పోయిందంటే నీళ్లు తేటగా కనిపిస్తూనే ఉంటాయి, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే నీళ్లు మార్చే రోజే ఫిల్టరు పని కూడా పెట్టుకుంటాను. ట్యాంకులోంచి తీసిన నీళ్లు రెండు బకెట్లు పక్కన ఉంచి, వాటిలోనే సంచుల్ని ముంచి నాలుగైదుసార్లు ఆడిస్తాను. రుద్దడం, పిండడం లేదు. నీలం ప్యాడు పిండొచ్చు. తెల్ల ప్యాడు మూసుకుపోతే పారేసి కొత్తది వేస్తాను. గుళ్లూ రింగులూ ఒకే రోజు ముట్టుకోను, ఒక విడత ఇది, ఇంకో విడత అది.

కింది నుంచి పైకి నీళ్లు పోయే ఏర్పాటు వల్ల ఇంకో సౌకర్యం ఉంది. మడ్డి మరీ ఎక్కువగా లేనప్పుడు మీడియా బయటికి తీయకుండానే, కింది టాపు తెరిచి ఉంచి, పైనుంచి మగ్గుతో ట్యాంకు నీళ్లు పోస్తాను. మామూలుగా నడిచే దారికి ఎదురుగా నీళ్లు దిగి, అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డి మొత్తం కింది మూతిలోంచి బకెట్లోకి వచ్చేస్తుంది. షిప్‌యార్డులో స్ట్రెయినర్లకు, అంటే పైపుల్లో చెత్త ఆపే జల్లెడలకు, మేం చేసే బ్యాక్‌వాష్ ఇదే.

హెడ్డు తిరగేసి ఇంపెల్లర్ కవరు తిప్పితే ఊడొస్తుంది. ఇంపెల్లర్ని షాఫ్టుతో సహా నిటారుగా పైకి లాగాలి. ఆ సిరామిక్ షాఫ్టు అంత త్వరగా అరగదు, కానీ పక్కకి వంచితే పుటుక్కున విరుగుతుంది. తీశాక అయస్కాంతం చుట్టూ, అది కూర్చునే గుంట గోడల మీద జిగట పొర ఉంటుంది. దూది పుల్లతో, సన్న బ్రష్షుతో ఆ గుంట తుడవాలి. పంపు గరగరమంటోందని కంప్లైంటు చేసేవాళ్లలో సగం మందికి రోగం ఈ గుంటలోనే ఉంటుంది. మిగతా సగానికి లోపల ఇరుక్కున్న గాలి. డబ్బాని అటూ ఇటూ కాస్త వంచితే బుడగలు పైపులోంచి పోయి శబ్దం ఆగిపోతుంది.

మా ఎంవీపీ కాలనీ అపార్టుమెంటులో జీవీఎంసీ నీళ్లూ, బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. బోరు నీళ్ల గట్టిదనం వల్ల స్ప్రే బారు (నీళ్లను ట్యాంకులోకి వదిలే చిల్లుల గొట్టం) కన్నాల దగ్గర, ఇంపెల్లర్ రెక్కల మీద తెల్లటి సున్నం పేరుకుంటుంది. గోకొద్దు. వెనిగర్‌లో గానీ నిమ్మరసం కలిపిన నీళ్లలో గానీ కాసేపు నానబెడితే దానంతటదే కరుగుతుంది. తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి బిగించాలి. వెనిగర్‌లో వేసేది ఆ ప్లాస్టిక్ భాగాలు మాత్రమే, మీడియాని దాని ఛాయలకు కూడా పోనివ్వొద్దు.

ఓ-రింగు సంగతి. విప్పిన ప్రతిసారీ దాన్ని గాడిలోంచి తీసి, గాడీ రింగూ రెండూ గుడ్డతో తుడిచి, వేలికి ఇంత సిలికాన్ గ్రీజు రాసుకుని చుట్టూ పలచగా పూస్తాను. ఒక్క ఇసుక రేణువు చాలు, అది ఇరుక్కున్న చోట రాత్రికి చెమ్మ దిగుతుంది. తర్వాత డబ్బాని ట్యాంకు నీళ్లతో అంచు దాకా నింపి అప్పుడు హెడ్డు పెట్టాలి. గాలికి చోటుండదు. క్లిప్పులు వరసగా కాకుండా ఎదురెదురుగా వేసుకుంటూ రావాలి. ఫ్లాంజి బోల్టులు బిగించిన చేతికి ఈ మాట ఒకరు చెప్పక్కర్లేదు గానీ, చాలామంది ఒక పక్కనుంచి మొదలుపెట్టి రింగుని ఒక వైపు నొక్కేస్తారు.

ఎన్నాళ్లకోసారి కడగాలి అని అడుగుతారు. దీనికి క్యాలెండరు పనికిరాదు. బకెట్, గడియారం పనికొస్తాయి. స్ప్రే బారు తీసి, పైపు మూతిని 10 లీటర్ల బకెట్లో పెట్టి ఎన్ని సెకన్లకు నిండిందో చూడండి. బకెట్ నేల మీద పెడితే సైఫన్ లాగుడు కలిసి లెక్క తప్పుతుంది, స్టూలు మీద పెట్టి బకెట్ మూతిని ట్యాంకు అంచు ఎత్తుకి తేవాలి. కంపెనీ చెప్పిన 440 లీటర్ల లెక్కన 82 సెకన్లలో నిండాలి, కానీ అది ఖాళీ డబ్బా లెక్క. మీడియా నింపి, శుభ్రంగా ఉన్న మా ఫిల్టరుకి 110 సెకన్లు పడుతుంది, అంటే గంటకు 327 లీటర్లు. మూడు నిమిషాలకు దగ్గర పడిందంటే గంటకు 200 లీటర్లకు పడిపోయినట్టు, అప్పుడు విప్పుతాను. పెట్టె మీద వెయ్యి లీటర్లని రాసుకున్న ఫిల్టర్లకూ ఇదే పరీక్ష పెట్టి చూడండి, అంకెల అసలు బలం తెలుస్తుంది.

ఈ పరీక్ష వల్లే పైపుల సంగతి బయటపడింది. ధార తగ్గగానే అందరూ మీడియా మీద పడతారు. నీళ్లు ముందు పోయేది పైపులోంచి కదా. 12 మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న పైపులో గోడల చుట్టూ ఒక్కో మిల్లీమీటరు జిగురు పేరుకుంటే మిగిలేది 10. దారిలో దాదాపు మూడో వంతు మూసుకుపోయినట్టే. పొడుగాటి స్ప్రింగు తీగకు రెండు చివర్లా బ్రష్షులున్న పైపు బ్రష్షు దొరుకుతుంది. మీడియా ముట్టుకోకుండా ఉత్త పైపులు మాత్రం తోమి బకెట్ పెట్టినప్పుడు పాతిక సెకన్లు తగ్గింది. లోపల్నుంచి ఊడొచ్చిన ఆ నల్లటి పొరలు చూస్తే ఇక పైపులు వదిలిపెట్టబుద్ధి కాదు. పీల్చే గొట్టం మూతికి ఒక స్పాంజి తొడిగితే డబ్బా విప్పే అవసరం ఇంకా దూరం జరుగుతుంది. ఆ స్పాంజిని వారానికోసారి ట్యాంకు నీళ్లలో పిండడం రెండు నిమిషాల పని, అది మా ఆవిడే చేసేస్తుంది.

విశాఖలో ఉన్నవాళ్లు కరెంటు గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో ఒకాయన క్యానిస్టరు ప్లగ్గు అలాగే వదిలేసి ఊరెళ్లారు. కరెంటు రాగానే పంపు దానంతటదే తిరిగి, డబ్బాలో మురిగిన నల్లటి నీళ్లన్నీ ట్యాంకులోకి కొట్టింది. పెంచి పెద్ద చేసిన ఆస్కార్ చేపలు ఆ పూటే పోయాయి. క్యానిస్టరు మూసేసిన డబ్బా. నీళ్లు కదలడం ఆగితే లోపలున్న బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్ కాస్తా వాడేసుకుని, కొన్ని గంటల్లో చావడం మొదలవుతుంది. ఒకటి రెండు గంటలైతే ఫరవాలేదు. అంతకు మించితే ప్లగ్గు తీసేసి, డబ్బాలో నీళ్లు పారబోసి, మీడియాని ట్యాంకు నీళ్లలో జాడించి అప్పుడే మళ్లీ నడపాలి. తుఫాను హెచ్చరిక వస్తే నేను మీడియా సంచుల్ని ముందే ట్యాంకులో దింపేసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెడతాను.

మామూలు రోజుల్లో 8 వాట్లే కాబట్టి ఇన్వర్టరుకి భారమే కాదు. ఏడాది పొడుగునా ఆపకుండా నడిచినా 70 యూనిట్లు. ఇన్వర్టరు మాత్రం ప్యూర్ సైన్ వేవ్‌ది అయితే మంచిది, స్క్వేర్ వేవ్ మీద ఇలాంటి మోటార్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి.

ఉప్పుగాలి ఉన్నచోట ప్లగ్గు పిన్నులు పచ్చబారిపోతాయి, అప్పుడప్పుడు తీసి తుడవండి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వంపు వదలాలి. పైపు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది, సాకెట్టు దాకా పోదు. డబ్బా కింద ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. ఎంత మంచి ఓ-రింగైనా రబ్బరే.

మే నెలలో మా ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టే నీళ్లు, 30 దగ్గర ఏడున్నరకు దిగిపోతాయి. వేడికి చేపలూ, ఫిల్టరులో బ్యాక్టీరియా కూడా ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతాయి. క్యానిస్టరులో గాలి తగలదు కాబట్టి ఎండాకాలమంతా స్ప్రే బారుని నీటిమట్టానికి కాస్త పైన పెట్టి నీళ్లు చిల్లుల్లోంచి పైనుంచి పడేలా చేస్తాను. చలికాలంలో మళ్లీ నీళ్లలోకి దించేస్తాను, చప్పుడుండదు. రాత్రి హాల్లో ఫ్యాన్ ఆపేస్తే ఫిల్టరు నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియదు.

దీంతో ఇబ్బంది పడేది కొత్తగా బిగించే రోజు. ప్రైమింగ్ బటన్ లేదు. నోటితో పీల్చి నీళ్లు లాగమంటారు, నాకది ఇష్టం లేదు. కిరసనాయిలు లాగడానికి వాడే ప్లాస్టిక్ చేతి పంపు కొత్తది ఒకటి కొని, నీళ్లు బయటికొచ్చే పైపు మూతికి పెట్టి నొక్కితే డబ్బా నిండి పైపులోకి నీళ్లు వచ్చేస్తాయి, అప్పుడు ప్లగ్గు పెట్టడమే. కిరసనాయిలు తగిలిన పంపు మాత్రం వాడకూడదు. నొక్కగానే నడవాలి, బుట్టలు ఉండాలి అనుకునేవాళ్లు ఇదే కంపెనీ వేరే వరసలు చూసుకోవచ్చు.

నాలుగడుగుల ట్యాంకులో గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్లకి ఇది చాలదు, వాటి మడ్డి ఎక్కువ. మధురవాడలో మా అమ్మాయి వాళ్లింట్లో సరిగ్గా అలాంటి ట్యాంకే ఉంది. వాళ్లకి ఇదే క్లాసిక్ వరసలో 2217 తీసుకోమన్నాను, గంటకు 1000 లీటర్లు, 20 వాట్లు. అల్లుడు ఆర్డరు పెడుతుంటే, దాంతోపాటే ఒక ఓ-రింగు, ఒక సిరామిక్ షాఫ్టు, పైపు బ్రష్షు కూడా కలిపి పెట్టించాను.